అర నిమిషం ఇంత పొడుగా!

30 సెకన్లంటే ఎంతసేపో ఇన్నాళ్లూ నాకు తెలియనే లేదు. తెలిసిన దగ్గర్నుంచీ కనిపించిన వాళ్లందర్నీ కూర్చోబెట్టి చెప్తున్నాను!

తెలియజెప్పింది స్మార్ట్ ట్రైనర్, ఇంట్లో సైకిల్‌ని ఉన్నచోటే తొక్కించే మిషన్. చూడ్డానికి పెద్ద హంగేమీ ఉండదు. సైకిల్ వెనక చక్రం ఊడదీసి, చైన్‌ని దీని గేర్లకు తగిలిస్తాం. లోపల తిరిగే బరువైన ఫ్లైవీల్‌ని విద్యుదయస్కాంతం పట్టి లాగుతుంటుంది. మనం ఎంత బలంగా తొక్కుతున్నామో ఫోన్‌లో వాట్లలో కనిపిస్తుంది. ఆ అంకే నాకు పిచ్చెక్కించింది. తాపీగా తొక్కితే నూరో, నూట ఇరవయ్యో. సీట్లోంచి లేచి, ఒంట్లో ఉన్నదంతా కాళ్లలోకి దించి తొక్కానా, 750 దాటింది! మన వంటింటి మిక్సీ అంత అన్నమాట. ఎంతసేపు అని మాత్రం అడక్కండి. కండరాల్లో నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ పది సెకన్లకే చాలావరకు ఖర్చయిపోతుంది. ఇక అంకె జారుడే జారుడు. పదిహేనో సెకనుకు తొడల్లో మంట. ఇరవై దాటాక గడియారం ఆగిపోయిందేమోనని అనుమానం. ఆపైన నాలుగు నిమిషాలు మెల్లగా తొక్కుతూ ఊపిరి కూడదీసుకోవడం, మళ్లీ మొదలు.

ఇంత చిన్న పనికి ఫలితం ఏముంటుందిలే అనిపిస్తుంది కదా? కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మార్టిన్ గిబాలా బృందం ఇదే పరీక్షించి చూసింది. 2006లో అచ్చయిన ఆ అధ్యయనంలో ఒక జట్టు ఇలాంటి అర నిమిషాల్ని నాలుగు నుంచి ఆరుసార్లు తొక్కింది. రెండో జట్టు గంటన్నర నుంచి రెండు గంటలు ఏకబిగిన తొక్కింది. రెండు వారాల్లో ఆరేసి సార్లు చేశాక చూస్తే, ఆక్సిజన్‌ని వాడుకునే సత్తా రెండు జట్ల కండరాల్లోనూ ఇంచుమించు ఒకేలా పెరిగింది! ఒక జట్టు గట్టిగా తొక్కింది పూటకు రెండు మూడు నిమిషాలే మరి. అయితే వాళ్లు మొత్తం పదహారు మంది, అందరూ చురుకైన కుర్రాళ్లు. గుండె జబ్బో బీపీయో ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి పోకూడదు.

కొత్తగా ఎక్కేవాళ్లకు రెండు మాటలు. ఈ అర నిమిషం స్ప్రింట్‌కి ముందు ట్రైనర్‌లోని ఎర్గ్ మోడ్ ఆపేయండి. అది వాట్లు తగ్గనివ్వదు. కాళ్లు నెమ్మదించేకొద్దీ బిగువు పెంచుతూ పోయి, చివరికి పెడల్‌ని కదలనివ్వదు. ఫ్యాన్ మాత్రం ఎదురుగా, ఫుల్ స్పీడ్‌లో ఉండాలి. గదిలో రోడ్డు మీది గాలి రాదుగా, చెమట కాలవలు కడుతుంది. పక్క ఫ్లాటు వాళ్లకూ ఓ మాట చెప్పి ఉంచండి. మిషన్ చప్పుడు పెద్దగా ఉండదు గానీ, మన రొప్పు విని తలుపు కొట్టగలరు.