పాడినవారి పేరు

పాడువారికి ఆంగ్లభాషలో పూర్వము పెక్కు పేర్లు కలవు. ప్రభువుల కొలువున వీరగాథలు కట్టి పాడువాడు షోప్; ఊరూర తిరిగి పాడి వినోదము గూర్చువాడు గ్లీమన్. మిన్‌స్ట్రెల్ అనగా మొదట సేవకుడనియే యర్థము. పాటకాడను నర్థము వెనుక వచ్చినది. రాత్రివేళ పట్టణమునకు కావలియుండి వాద్యములు మ్రోయించువారిని వెయిట్స్ అనిరి. ఇంగ్లండు పట్టణములు వీరిని పోషించు నేర్పాటు 1835వ సంవత్సరపు చట్టముతో ముగిసెను.

ఇది చదువగనే మాకు అమరకోశమునందలి వైతాళికులు జ్ఞప్తికి వచ్చిరి. రాజును పాటతో మేలుకొలుపుట వారి పని. రాజులు పోయిరిగాని మాట పోలేదు. 1935లో ముద్దుకృష్ణగారు నవ్యకవుల పద్యములను ఒకచో గూర్చి, ఆ సంపుటమునకు వైతాళికులు అనియే పేరిడిరి. పాపము, వెయిట్సుకు అట్టి భాగ్యము పట్టలేదు.

వీని యన్నిటికంటెను మమ్ము ఆలోచింపజేసిన మాట సాంగ్‌స్టర్. దీని చివరనున్న ప్రత్యయము ప్రాచీనాంగ్లమున స్త్రీలకే చెల్లినది. మన ‘కత్తె’ వంటిది. కావున సాంగ్‌స్టర్ అనగా పాటకత్తె. స్పిన్‌స్టర్ నూలు వడకునది, వెబ్‌స్టర్ బట్ట నేయునది, బాక్‌స్టర్ రొట్టె కాల్చునది. కాలక్రమమున ఈ పేర్లు పురుషులకును చెల్లెను. 1828లో గొప్ప నిఘంటువును వెలువరించిన నోవా వెబ్‌స్టరుగారి యింటిపేరు నేతకత్తె పేరే! నూలు వడకునది మాత్రము స్త్రీగానే మిగిలెను. అయిన నా పేరు పెండ్లికాని కన్యను సూచించు మాటగా మారెను. ఇక సాంగ్‌స్టర్ స్త్రీవాచకమను సంగతియే జనులు మరచి, దానికి మరియొక స్త్రీప్రత్యయము తగిలించి సాంగ్‌స్ట్రెస్ అనిరి. మన భాషలో ‘పాటకత్తెరాలు’ అన్నట్లు! మేము నవ్వుకొంటిమి గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు.

మన సంగతి యేమి? మా మనుబోలు ప్రాంతమున అమ్మవారి జాతరలందు పాడువారు పంబలవారు. వాద్యమును బట్టి వచ్చిన పేరది. క్రీడాభిరామమున ఓరుగల్లు వీధిలో పాడిన జక్కుల పురంధ్రికి కులమును బట్టి పేరు కలిగినది. సభలో పాడిన స్త్రీని గాయని యందుము. ఇంటిలో పాడు స్త్రీకో? ఆమె పాటలకు పేర్లు కొల్లలు: లాల, జోల, మేలుకొలుపు, నలుగుపాట, అలుకపాట, అప్పగింతపాట, మంగళహారతి. పాడిన యామెకు మాత్రము పేరు లేదు. పేరంటమునకు వచ్చినచో పేరంటాలు, వియ్యమందినచో వియ్యపురాలు, అంతే. “ఒక పాట పాడవమ్మా” యనుటయేగాని, పాడుట ఆమె విద్యయని గుర్తించిన మాట యేదియు లేదు. అన్నము వండినందుకు బిరుదు లేనట్లే యిదియు ననుకొంటిమి కాబోలు.

తాళ్లపాక తిమ్మక్క పేరు సుభద్రాకల్యాణము వలనను, తరిగొండ వెంగమాంబ పేరు ఆమె కావ్యముల వలనను నిలిచినవి. నోటిపాటలు కట్టిన తల్లుల పేర్లు పాటతో రాలేదు. కనీసము ఎవరి నోట నేర్చితిమో అదియైన వ్రాసికొనవచ్చును గదా! పాటల పుస్తకము పెక్కిండ్ల నుండెడిది; అందు పాట యుండును, రాగమొక్కొక్కప్పు డుండును, నేర్పినవారి పేరుండదు.

మేము మా పుస్తకమున ప్రతి పాట ప్రక్కను ఒక వరుస విడిచి పూరించుచున్నాము. ఇప్పటికి పదునాల్గింటికి పేర్లు దొరకినవి. సీతమ్మ అప్పగింతపాట పెద్దత్తగారిది. ఆమెకు వారి మేనత్త నేర్పినదట. ఆ మేనత్తగారి పేరడిగితిమి. “అందరును అత్తమ్మ యనువారు, పేరెవరు పిలిచిరి?” అని, ఆమె మూడవ చరణము నెత్తుకొన్నది.