గోలీలు వద్దన్న గురువు

కిందటి దసరాకి వర్ని వెళ్తే అమ్మ హుషారుగా కనిపించింది. 'పొద్దుగాల యోగాకు పోతున్న బిడ్డా. మోకాళ్ల నొప్పులు తగ్గినయ్' అంది. సంతోషమే. కానీ డబ్బాలో షుగర్ గోలీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అడిగితే, 'సారు బంద్ చెయ్యమన్నడు. ఆసనాలేస్తే చాలట' అంది. మర్నాడు బాన్సువాడలో పరీక్ష చేయిస్తే పరగడుపు షుగర్ 312!

ఆ సారుని కలిశాను. చెడ్డవాడు కాదు. ఆసనాలు చక్కగా నేర్పుతాడు. తెలియనిది తెలియదని చెప్పడమే నేర్చుకోలేదు. కేంద్ర ఆయుష్ శాఖ 2018లో ఏర్పాటుచేసిన యోగా సర్టిఫికేషన్ బోర్డు శిక్షకులకు పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తోంది. అయితే అది తప్పనిసరేం కాదు. మరి గురువుకి హద్దు గీసేదెవరు? పతంజలి ఏనాడో గీశాడు. ఆయన చెప్పిన ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. మొదటిది యమం. అందులో ముందున్నవి అహింస, సత్యం. నడుం వంచేముందు 'పట్టుకోవచ్చా' అని అడగడం అహింస. 'మందుల సంగతి డాక్టర్నే అడుగమ్మా' అనడం సత్యం. ఈ మాటే ఆయనతో అన్నాను. కాసేపు మౌనంగా ఉండిపోయాడు.

అమ్మ ఇప్పటికీ యోగాకి వెళ్తోంది. క్లాసు మొదలుపెట్టేముందు సారే అడుగుతున్నాడట... 'గోలీలు మానలేదు కదమ్మా?'