గులాబీ పక్షుల పరాచికం

అమెరికాలో మా తమ్ముణ్ణి చూడబోయినప్పుడు వాడు మమ్మల్ని హోటలు గుమ్మం తొక్కనీయలేదు. మంచాలూ, వంటగట్టూ ఉన్న బండినొకదాన్ని కారు వెనక తగిలించి, "అన్నయ్యా, ఇల్లు వెంటబెట్టుకునే పోదాం" అన్నాడు. దాన్ని అక్కడివారు ట్రైలరంటారు.

వర్జీనియాలో షెనండోవా అనే జాతీయవనం ఉంది. 1935లో ఏర్పడింది. నీలి కొండల వెన్ను మీదుగా 105 మైళ్ళ రోడ్డు. దారిలో ఒక సొరంగం ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలే. అది దాటేదాకా మా ఆవిడ తల వంచుకునే కూర్చుంది!

బిగ్ మెడోస్ అనే మజిలీ చేరేసరికి సాయంత్రమైంది. ఇక ట్రైలరును వెనక్కి నడిపి దానికిచ్చిన చోట నిలపాలి. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకు పోతుంది. తమ్ముడు అవస్థపడుతుంటే చుట్టుపక్కలవారు కుర్చీలు వేసుకుని వీధినాటకం చూసినట్టు చూశారు. ఒక ముసలాయన అట్టముక్క మీద "3" అని రాసి పైకెత్తాడు. పదికి మూడు మార్కులట! ఇరవయ్యేళ్ళుగా మార్కులు వేస్తున్నవాణ్ణి, నాకు చివుక్కుమంది. మన రంగు చూసి నవ్వుతున్నారేమోననుకున్నాను.

ఇంతలో ఆయనే లేచి వచ్చాడు. "చెయ్యి స్టీరింగు అడుగున పెట్టు నాయనా. అది ఎటు జరిగితే ట్రైలరూ అటే జరుగుతుంది" అన్నాడు. మరుక్షణం బండి కుదురుగా నిలిచింది. మార్కులు ఎనిమిదికి పెరిగాయి.

తెల్లవారి తలుపు తీద్దును గదా, మా ట్రైలరు చుట్టూ ఇరవై గులాబీరంగు ఫ్లెమింగోలు! మా నెల్లూరు వైపు పులికాట్ సరస్సుకు చలికాలంలో వచ్చే పక్షులే. కాని ఇవి ప్లాస్టిక్‌వి. 1957లో డాన్ ఫెదర్‌స్టోన్ అనే శిల్పి ఇళ్ళ ముంగిళ్ళకని రూపొందించినవి.

"ఇదేం పరిహాసంరా?" అన్నాను కోపంగా.

తమ్ముడు నవ్వుతూనే ఉన్నాడు. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు: "పద్ధెనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, అన్నయ్యా. మా వీధిలో అందరూ మర్యాదగానే పలకరిస్తారు. కాని ఇన్నాళ్ళకు ఒక్కడు నన్ను ఆటపట్టించాడు."

నేను మరి మాట్లాడలేదు. పెళ్ళివారింట మరదళ్ళు చెప్పులు దాచేది ఎవరివి? కొత్తల్లుడివే గాని, దారినపోయేవాడివి కాదుగదా! పరాయివాడికి మర్యాద చేస్తాం, మనవాణ్ణి ఏడిపిస్తాం.

ఆ రాత్రి మా ఆవిడ ఇరవై పక్షులకూ బొట్టుబిళ్ళలు అంటించింది. అన్నదమ్ములిద్దరం చిన్నప్పుడు మామిడితోటలో దూరినట్టు పిల్లిలా వెళ్ళి, వాటిని ముసలాయన ట్రైలరు చుట్టూ పాతివచ్చాం. పొద్దున్నే ఆయన నవ్వుకు చెట్ల మీది పక్షులు లేచిపోయాయి.

ఇంటికొచ్చి ట్రైలరు సర్దుతుంటే మంచం కింద ఒక ఫ్లెమింగో దొరికింది, బొట్టుతో సహా! తమ్ముడు దాన్ని వాకిట్లో పాతాడు. సాయంత్రం అటు పోతున్న పక్కింటాయన ఆగి, దాన్ని చూసి, "మీ ఇంటికి ఆడపడుచు వచ్చినట్టుందే!" అన్నాడు.

తమ్ముడు నావంక చూశాడు. లోపలికెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు.