ఎడమకాలికి సెలవా?

జర్మనీ దేశంలో స్టుట్‌గార్ట్ పట్టణం పెద్ద మూకుడులాంటి లోయలో ఉన్నది. అడుగున ఊరు, అంచుల మీద ద్రాక్షతోటలు. వెయ్యేళ్ల కిందట అక్కడ గుర్రాలశాల ఉండేదట. ఆ ఊరి పేరుకు అర్థమే ఆడగుర్రాల దొడ్డి. నగర చిహ్నంలో నేటికీ నల్లగుర్రం ముందుకాళ్లెత్తి నిలబడి ఉంటుంది. పోర్షె కార్ల ముక్కు మీది బిళ్ల మధ్యలోనూ అదే గుర్రం. గుర్రాలు పోయి కార్లు వచ్చాయి గాని, ఆ ఊరికి పరుగు మీద మోజు మాత్రం పోలేదు.

మా అమ్మాయీ అల్లుడూ అక్కడ కాపురముంటున్నారు. మొన్న వేసవిలో రెండు నెలలు వాళ్ల దగ్గర గడిపి వచ్చాను. నేను వెళ్లేసరికి ఇంట్లో ఒక తగువు నడుస్తున్నది. మనవైపు ఇళ్లల్లో తగువులు నగల మీదా, స్థలాల మీదా వస్తాయి. ఇది గేరు మీద వచ్చింది! అమ్మాయి కొత్తగా కారు నేర్చుకోవాలి. ఆ దేశంలో ఆటోమేటిక్ కారు మీద పరీక్ష ప్యాసైతే, ఆ లైసెన్సుతో క్లచ్చి ఉన్న కారు నడపటానికి వీల్లేదు. 2021 ఏప్రిల్ నుంచి మాత్రం ఒక సడలింపు ఇచ్చారు. పరీక్ష ఆటోమేటిక్ మీద ఇచ్చినా సరే, క్లచ్చి కారు మీద పది పాఠాలు చెప్పించుకుని, డ్రైవింగు బడిలో పావుగంట నడిపి చూపిస్తే రెండూ నడపవచ్చు.

ఆ పది పాఠాల డబ్బు దండగ అని అల్లుడి వాదం. ఉన్న విద్య వదులుకోవటం ఎందుకని అమ్మాయి వాదం.

అల్లుడు యంత్రాల చదువు చదివినవాడు. ఊరికే మాట్లాడే మనిషి కాదు. "మావయ్యగారూ, పందెపు కార్లే క్లచ్చి పెడలు వదిలేశాయి. ఇంకా మనకెందుకు చెప్పండి? ఆదివారం మ్యూజియానికి వెళదాం, మీరే చూద్దురుగాని" అన్నాడు.

పోర్షె మ్యూజియం త్సుఫెన్‌హౌజెన్ అనే శివారులో ఉన్నది. రైలు దిగగానే ఎదురుగా కనిపిస్తుంది. 2009లో తెరిచారు. అంత పెద్ద తెల్లని భవనాన్నీ మూడు చోట్ల మాత్రమే ఊతమిచ్చి గాలిలో నిలబెట్టారు. లోపల ఒకచోట తలెత్తి చూద్దును గదా, పందెపు కారొకటి కప్పుకు తలకిందులుగా అంటుకుని ఉన్నది! అది 956 అనే రకం. గంటకు సుమారు 320 కిలోమీటర్ల వేగం అందుకుంటే గాలి దాన్ని దాని బరువును మించిన బలంతో నేలకు అదుముతుందట. అంటే లెక్కప్రకారం కప్పు మీద కూడా పరుగెత్తగలదన్నమాట.

"రెండు క్లచ్చిల గేరుపెట్టెను పరీక్షించింది ఈ జాతి కారు మీదనే" అని అల్లుడు దాని పేరు చెప్పాడు: పోర్షె డొప్పెల్‌కుప్లుంగ్స్‌గెట్రీబె. మన ప్రబంధాల్లోని సమాసాలు దీనిముందు చిన్నబోవలసిందే. విడదీస్తే మాత్రం సులువే. డొప్పెల్ అంటే రెండింతలు, కుప్లుంగ్ అంటే క్లచ్చి, గెట్రీబె అంటే గేరుపెట్టె. నోరు తిరగనివాళ్ల కోసం పి.డి.కె. అని పొట్టిపేరు పెట్టారు.

ఇది పనిచేసే తీరు మన పెళ్లి పంక్తిలో వడ్డన లాంటిది. ఒక్కడే వడ్డించేవాడైతే పప్పు వడ్డించి, వంటింట్లోకి వెళ్లి, పులుసు గిన్నె తెచ్చేదాకా విస్తరి ముందు కూచున్నవాడు ఆగాలి. మామూలు గేరుపెట్టె సంగతి అంతే. క్లచ్చి తొక్కి, ఒక గేరు వదిలి, మరొకటి పట్టేదాకా ఇంజను బలం చక్రానికి అందదు. రెండు క్లచ్చిల పెట్టెలో ఇద్దరు వడ్డిస్తారు. ఒకటి, మూడు, అయిదు బేసి గేర్లు ఒక క్లచ్చి వంతు. రెండు, నాలుగు, ఆరు సరి గేర్లు రెండోదాని వంతు. రెండో గేరులో పోతూ ఉండగానే మూడోది సిద్ధమై వెనకాల నిలబడి ఉంటుంది. ఒక క్లచ్చి వదులుతుంటే మరొకటి పట్టుకుంటుంది. విస్తరి ఖాళీగా ఉండే సమయమే లేదు.

ఈ ఊహ కొత్తదేమీ కాదు. అడోల్ఫ్ కెగ్రెస్ అనే ఫ్రెంచి ఇంజనీరు ఉండేవాడు. రష్యాలో జారు చక్రవర్తి మోటారుశాలలో పనిచేసి, 1917 విప్లవం తరువాత స్వదేశం చేరినవాడు. 1939లో ఆయనకీ ఆలోచన వచ్చింది. అప్పుడే యుద్ధం వచ్చిపడింది. 1943లో ఆయన కన్నుమూశాడు. రెండు క్లచ్చిలను క్షణం తేడా రాకుండా ఆడించే కంప్యూటర్లు ఆ రోజుల్లో ఎక్కడివి? 1980లలో పోర్షెవారు పందేల కోసం ఆ పెట్టె చేశారు. మొదట్లో బరువెక్కువ, పేచీలూ ఎక్కువే. అయినా 1986లో ఇటలీలోని మోంజాలో 360 కిలోమీటర్ల పందెం, ఆ పెట్టె అమర్చిన 962 కారుతో హాన్స్ ష్టుక్, డెరెక్ బెల్ గెలిచారు. మామూలు జనం కొనుక్కునే కారులోకి రావటం 2003లో, ఫోల్క్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్ 32తో. పోర్షె 911కు 2008లో వచ్చింది. 2009లో ఫెరారీ 458 ఇటాలియా వచ్చేసరికి క్లచ్చి పెడలు ఉన్న రకమే లేకుండా పోయింది.

"చూశారా మావయ్యగారూ! 2021లో వచ్చిన 911 జి.టి.3 కారు సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి చేతిగేరుతో 3.9 సెకండ్లు తీసుకుంటుంది. పి.డి.కె.తో 3.4 సెకండ్లే" అన్నాడు అల్లుడు.

"మరి తేలిపోయిన పందెమైతే, రెండో రకం ఇంకా ఎందుకు అమ్ముతున్నారు బాబూ?" అన్నాను.

దానికీ ఒక కథ ఉన్నది. 2013లో కంపెనీవారు ఈ జి.టి.3ని పి.డి.కె.తో మాత్రమే తెచ్చారు. వేగంలో పాతదాన్ని మించిపోయింది. కాని ఏళ్లతరబడి ఆ కార్లను ప్రేమించినవాళ్లు కొందరు, మా గేరుకర్ర మాకిమ్మని పట్టుబట్టారు. 2016లో చేతిగేరుతోనే 911 ఆర్ అనే రకం 991 కార్లు చేస్తే, వాటిని అసలు ధరకు మించి ఎగబడి కొన్నారు. 2017లో జి.టి.3కి చేతిగేరు తిరిగి వచ్చింది. అర సెకండు పోతే పోయిందని, కావాలని నిదానమైనదాన్ని అడిగి కొనుక్కున్నారు! వాళ్లు కొన్నది వేగం కాదని తెలుస్తూనే ఉన్నది. ఏమి కొన్నారో మాత్రం మ్యూజియంలో కనబడలేదు.

అది మర్నాటి ఆదివారం కనబడింది. స్టుట్‌గార్ట్ పడమటి అడవిలో సోలిట్యూడ్ అని పద్దెనిమిదో శతాబ్దపు మహలు ఉన్నది. దాని చుట్టుపక్కల రోడ్ల మీద 1965 వరకు మోటారు పందేలు జరిగేవి. చుట్టు ఒకటి 11.4 కిలోమీటర్లు. 1962లో డాన్ గర్నీ అక్కడ పోర్షె కారులోనే గెలిచాడు. ఇప్పుడవి అందరూ తిరిగే మామూలు రోడ్లు. రెండువైపులా చెట్లు, మధ్యమధ్య వేగపరిమితి బోర్డులు. అల్లుడి స్నేహితులిద్దరికి చెరొక 911 ఉన్నది, ఒకటి పి.డి.కె., ఒకటి చేతిగేరు. ఇద్దరూ నన్ను చెరొకసారి ఆ దారిన తిప్పారు.

పి.డి.కె. కారాయన చేతులు స్టీరింగు వదలలేదు. వేలు తగిలించగానే గేరు మారేది. విస్తరి ఖాళీ కాలేదు సుమా! ఆయన దారి పొడుగునా నాతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. "సాయంత్రం ఆఫీసు వదిలాక గంటసేపు రద్దీలో ఉంటాను. నా మోకాలు ఈ పెట్టెకు రోజూ దండం పెడుతుంది" అన్నాడు. హైదరాబాదులో అమీర్‌పేట దారిన పోయేవారెవరూ ఆ మాట కాదనలేరు.

రెండో ఆయన కూడా మాటకారే. కాని మలుపు దగ్గరికి రాగానే మాట ఆగిపోయేది. ఎడమకాలు క్లచ్చి మీద, కుడికాలి మునివేళ్లు బ్రేకు మీద, అదే కాలి అంచుతో యాక్సిలరేటరును ఒక్క తట్టు. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు ఉరిమేది. గేరు మెత్తగా పడేది. మలుపు దాటాక ఆయన ముఖాన చిన్న నవ్వు, ఆపిన చోటినుంచి మళ్లీ మాట. వేగపరిమితి ఇద్దరికీ ఒక్కటే, ఇద్దరూ దాన్ని మీరలేదు. ఆ రోడ్డు మీద అర సెకండుకు విలువేమిటి? మొదటి ఆయన కారు మలుపు తిరిగింది. రెండో ఆయన మలుపు తిప్పాడు.

మా నాన్నగారి అంబాసిడరులో గేరు స్టీరింగు పక్కనే ఉండేది. అది కరకరమంటే ఆయన మాటతో చెప్పేవారు కాదు, చెవి చూపించేవారు. చెవితో విని కాలితో సర్దుకోవటం నాకు అలా వచ్చింది. పందెంలో యంత్రానిదే గెలుపు. రద్దీలోనూ దానిదే సుఖం. నేను కాదనను. కాని ఒక పనిని యంత్రం మనకంటె బాగా చేస్తుందని తెలిశాక కూడా, అది చేతికి వచ్చి ఉండటంలో మనిషికొక తృప్తి ఉన్నది. అదీగాక విద్యుత్తు కార్లలో గేరుపెట్టెకే పని తగ్గిపోయింది. ఒక క్లచ్చిని గెలిచిన రెండు క్లచ్చిలు కూడా రేపు మ్యూజియంలో చోటు వెతుక్కోవలసినవే. ఇంట్లో ఒకరికైనా రాని విద్య ఆ ఇంట్లో ఉండదు.

ఈ సంగతంతా ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "నేర్చుకోమంటారా, వద్దంటారా?" అని అమ్మాయి నిలదీసింది. "డబ్బు మీది, కాలు నీది" అన్నాను. అల్లుడు నవ్వి, పాఠాల రుసుము తనే కట్టివచ్చాడు.

నేను ఇల్లు చేరిన మూడు వారాలకు అమ్మాయి ఫోను చేసింది. ఆరో పాఠం అయిందట. లోయలోనుంచి పైకి ఎక్కే నోయె వైన్‌ష్టైగె రోడ్డు మీద, వెనక కార్ల వరుస ఉండగా ఎత్తులో ఆగవలసి వచ్చిందట. మొదటిసారి ఇంజను ఆగిపోయింది. రెండోసారి వెనక్కి జారకుండా కదిలించిందట.

"వెనకవాడు హారను కొట్టాడా?" అని అడిగాను.

"లేదు నాన్నా, ఓపిగ్గా ఆగాడు" అన్నది.

వాడూ క్లచ్చి మీదే నేర్చుకున్నవాడు కాబోలు.