క్వాలిస్ ఉన్న ఇల్లు

సైదాబాద్ నుంచి ఎల్బీనగర్ మీదుగా విజయవాడ హైవే ఎక్కే ఉమ్మడి కుటుంబాలకు ఒకప్పుడు టొయోటా క్వాలిస్ సొంత మినీబస్సు. తాతయ్య, నాయనమ్మ, పిల్లలు, పిండివంటల డబ్బాలు అన్నీ అందులోనే.

బెంగళూరు దగ్గరి బిడదిలో తయారైన ఈ బండి 2000లో మార్కెట్లోకి వచ్చింది. 2005లో ఇన్నోవా దాని స్థానం తీసుకుంది. అయినా దాన్ని వదలని ఇళ్లున్నాయి. కారణం ఆ 2.4 లీటర్ల డీజిల్ ఇంజన్. ఇంధనాన్ని కొలిచి పంపేది యాంత్రిక పంపు, కంప్యూటర్ కాదు. చేయి తిరిగిన మెకానిక్ శబ్దం విని జబ్బు పట్టేస్తాడు. ఆయిల్ వేళకు మార్చాలి, డీజిల్ ఫిల్టర్‌లో చేరిన నీళ్లు తీసేయాలి. టైమింగ్ బెల్టును మాత్రం వాయిదా వేయకూడదు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పాడవుతుంది.

కాగితాల ఖర్చు వేరు. 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది.

పాత డీజిల్ పొగ తక్కువేమీ కాదు. చిన్నపిల్లలు బడికి నడిచే దిల్‌సుఖ్‌నగర్ రద్దీలోకి రోజూ ఈ బండిని తీయడం న్యాయం కాదు. ఇంటిల్లిపాదీ కదిలే దూరప్రయాణాలకే ఉంచుకోవాలి, పొగ పరీక్ష తప్పకుండా చేయించాలి.