సెల్మా వంతెన

అలబామా అనేది అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఒకటి. ఆ రాష్ట్రం నడుమ తూర్పు పడమరలుగా సాగిన ఒక నేలపట్టెను అక్కడివారు నల్లపట్టె అంటారు. మొదట ఆ పేరు మట్టి రంగును బట్టి వచ్చినది. బళ్ళారిలోనో గుంటూరులోనో నల్లరేగడి చూచిన కండ్లకు ఆ నేల కొత్తగా తోచదు. అక్కడా ప్రత్తే పండింది. ఆ ప్రత్తి తీయడానికి నల్లవారిని బానిసలుగా తెచ్చి దించారు. కాలక్రమాన మట్టికి పెట్టిన పేరు మనుషులకూ చెల్లింది. ఆ పట్టెలో, అలబామా నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం సెల్మా. 2020 జనాభా లెక్కలలో అక్కడి జనం 17,971 మంది మాత్రమే. అయినా ఆ దేశపు రాజకీయాలు ఎటు నడిచినవో తెలుసుకోగోరేవారు చూడవలసిన ఊరు అదే అని నాకు తోచింది.

మా పెద్దవాడు అట్లాంటాలో స్థిరపడి ఇరవై యేండ్లు దాటింది. అతడే కారు నడుపుతూ తీసుకొని వెళ్ళాడు. దారిలో మొదట వచ్చేది ఆ రాష్ట్రపు ముఖ్యపట్టణం మాంట్‌గొమరీ. కొండవాలు మీద తెల్లని శాసనసభా భవనం. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి వేరుపడిన దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడుగా జెఫర్సన్ డేవిస్ 1861లో ప్రమాణం చేసిన చోట మెట్ల మీద ఇత్తడి నక్షత్రం పొదిగి ఉన్నది. అక్కడ నిలబడి కేకవేస్తే వినబడేంత దూరంలో ఎర్ర ఇటుకల చర్చి ఉన్నది. మార్టిన్ లూథర్ కింగ్ 1954లో పాదిరీగా వచ్చినది ఆ చర్చికే. రెంటికీ నడుమ ఒక వీధి. తొంభైమూడేండ్ల చరిత్ర ఆ వీధిలోనే ఇమిడినది.

మాంట్‌గొమరీ దాటి 80వ నంబరు రోడ్డున పోతే లౌండ్స్ కౌంటీ వస్తుంది. కౌంటీ అంటే మన తాలూకా వంటిది. 1965 మొదట్లో అక్కడి జనంలో అయిదింట నాలుగు వంతులు నల్లవారే. వోటర్ల పట్టీలో మాత్రం ఒక్క నల్లవాని పేరు కూడా లేదు! సెల్మా ఉన్న డాలస్ కౌంటీలో నూటికి ముగ్గురికైనా వోటు లేదు. పేర్లు వ్రాసే కచేరీని నెలకు రెండు రోజులే తెరిచేవారు. తెల్లవారకముందే వచ్చి వరుసలో నిలబడిన వానిని రాజ్యాంగం మీద చిక్కుప్రశ్నలు వేసి పంపివేసేవారు. ప్రశ్న అడిగేదీ, జవాబు తప్పనేదీ ఆ గుమాస్తాయే.

ఇక వంతెన సంగతి. 1940లో కట్టిన ఉక్కు వంతెన అది. ఎడ్మండ్ పెట్టస్ పేరు దాని నుదుట పెద్ద అక్షరాలతో నేటికీ ఉన్నది. బానిసల యజమానుల సైన్యంలో అతడు సేనాని, తరువాత సెనేటరు, నల్లవారిని హింసించిన క్లాన్ ముఠాకు అలబామాలో నాయకుడు. వంతెన నడుమ గూనిగా ఎత్తి ఉండటంచేత ఈవలి నుండి చూస్తే ఆవలి ఒడ్డు కనబడదు. 1965 మార్చి 7వ తేదీ ఆదివారం నాడు వోటు హక్కు కోరి ఆరువందల మంది ఇద్దరిద్దరుగా, మౌనంగా నడిచి ఆ గూని ఎక్కారు. ఎక్కిన తరువాతనే అటు ప్రక్క బారులు తీరిన పోలీసులు కనబడ్డారు. లాఠీలు, బాష్పవాయువు, గుర్రాల మీద షెరీఫు మనుషులు! ముందు నడిచిన జాన్ లూయిస్ అనే యువకుని పుర్రె చిట్లింది. ఆ రాత్రి దేశమంతా ఆ దృశ్యాన్ని టెలివిజనులో చూచింది. ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ వోటుహక్కు చట్టం మీద సంతకం చేశాడు.

ఇందులో ఒక సంగతి దాచకూడదు. ఆనాడు పోలీసులను పంపిన గవర్నరు వాలెస్ డెమొక్రాటు. సెనేటులో ఆ చట్టానికి కొమ్ముకాసిన డర్క్‌సన్ రిపబ్లికన్ల నాయకుడు. ఆ సభలో రిపబ్లికన్లు ఇంచుమించు అందరూ దానికి వోటు చేశారు. మరి లింకన్ పక్షం కదా! కాని అంతకు ముందే, 1964లో, ఆ పక్షం పౌరహక్కుల చట్టాన్ని కాదన్న గోల్డ్‌వాటరును అధ్యక్ష పదవికి నిలిపింది. అలబామా అతనికి పట్టం కట్టింది. అప్పటి నుండి దక్షిణాది తెల్లవారి కోపాలన్నీ మెల్లమెల్లగా ఆ ఇంటికే వచ్చి చేరినవి.

ఆ చట్టానికి ప్రాణం ఒక నియమంలో ఉన్నది. వోటర్లను అడ్డుకొన్న చరిత్ర గల రాష్ట్రాలు ఎన్నికల పద్ధతి మార్చదలిస్తే ముందుగా కేంద్రం అనుమతి పొందవలె. 2006లో ఆ నియమాన్ని మరి 25 యేండ్లు పొడిగించినప్పుడు సెనేటులో 98 మంది అనుకూలం, ప్రతికూలం సున్న. సంతకం చేసినవాడు రిపబ్లికన్ అధ్యక్షుడు బుష్. 2013లో అలబామాలోనిదే షెల్బీ కౌంటీ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా, ఏ రాష్ట్రాలకు అది వర్తించవలెనో చెప్పే భాగాన్ని కొట్టివేసింది. కాలం మారినదట! తడవడం లేదు కదా అని వానలో గొడుగు పారవేసినట్లున్నదని జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి తెలిపింది. ఫోటో కార్డు నిబంధనను అమలు చేస్తామని టెక్సాస్ ఆ తీర్పు వచ్చిన నాడే ప్రకటించింది. చట్టాన్ని బాగుచేసే బిల్లు 2021లో ప్రతినిధుల సభ దాటి సెనేటుకు వస్తే, చర్చకైనా ఒప్పుకొన్న రిపబ్లికన్ ఒక్కరే. పదిహేనేండ్లలో 98కి 98 పోయి ఆ పక్షంలో ఒక్కరు మిగిలారు.

ఊరేగింపులు బయలుదేరిన బ్రౌన్ చాపెల్ అనే చర్చి వద్ద ఒక పెద్దావిడ కనబడింది. చిన్నతనంలో తల్లి చేయి పట్టుకొని తానూ నడిచిందట. "ఏటా మార్చిలో పెద్దలు వస్తారు. రెండు పక్షాలవారూ వస్తారు. మా చేతులు పట్టుకొని వంతెన దాటుతారు. సంతోషమే. తిరిగి వెళ్ళి చట్టం మీద ఏమని వోటు చేశారో మాత్రం మాకు చెప్పరు" అన్నది. ఆమె మాటలో కోపం లేదు.

మావాడు రిపబ్లికన్లకే వోటు వేస్తాడు. పన్నులు తక్కువ, కష్టపడ్డవానికి గౌరవం అనేవి అతని కారణాలు. తిరుగు దారిలో అన్నాడు: "అది పాత కథ, నాన్నా. ఇప్పుడు ఎవరినీ ఎవరూ ఆపడం లేదు. కార్డు చూపమంటే తప్పేమిటి? మన దేశంలోనూ అడుగుతారు కదా?"

ప్రశ్న న్యాయమైనదే. కాని మన దేశంలో 1951-52 ఎన్నికలకు ప్రభుత్వ మనుషులే ఇంటింటికీ వచ్చి పేర్లు వ్రాసుకొన్నారు. చదువు వచ్చునా అని ఎవరూ అడగలేదు. అక్కడ వోటరే వెతుక్కొని పోయి వ్రాయించుకోవలె. అలబామాలో ఫోటో కార్డు నియమం 2014లో అమలులోకి వచ్చింది. 2015లో డబ్బు లేదని చెప్పి, డ్రైవింగు లైసెన్సులు ఇచ్చే చిన్న కచేరీలు 31 మూయబోయారు. నల్లపట్టె కౌంటీలు అనేకం ఆ జాబితాలో ఉన్నవి. కేంద్రం విచారణకు దిగిన తరువాత కొంత వెనుకకు తగ్గారు. ఉచిత కార్డు ఇస్తామన్న మాట నిజమే. కాని కారు లేని ముసలివానికి కౌంటీ కచేరీ దాకా పోవడమే ఒక యాత్ర. కార్డు అడుగుతూ, కార్డు దొరికే తలుపు మూయడాన్ని పొదుపు అనలేము.

మావానికి ఇంకొకటి చెప్పాను. 1965కు ముందు ఇండియా నుండి స్థిరనివాసానికి యేడాదికి నూరుగురినే రానిచ్చేవారు. వోటుహక్కు చట్టం చేసిన ఆ కాంగ్రెసే రెండు నెలల లోపున ఆ హద్దును తీసివేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళిన తలుపు అదే. మా మనుమరాలు పుట్టేనాటికి తల్లిదండ్రులు తాత్కాలిక అనుమతి మీదనే ఉన్నారు. అయినా పుట్టుకతోనే ఆ పిల్ల ఆ దేశపు పౌరురాలైంది. ఆ హక్కు 1868లో, విడుదలైన బానిసల పిల్లల కోసం రాజ్యాంగంలో వ్రాసినది. ఇకమీద అటువంటి తల్లిదండ్రులకు పుట్టే బిడ్డలకు అది చెల్లదని అధ్యక్షుడు ట్రంపు 2025 జనవరి 20న ఉత్తర్వు వేశాడు. ఆ యేడే న్యాయస్థానాలు దాని అమలును నిలిపినవి. పూర్వుల ఆస్తిని కాపాడతామనే పక్షం ముందుగా చేయి వేసినది ఆ ఆస్తి మీదనే. మావాడు జవాబు చెప్పలేదు. పిల్ల పుట్టిన ఆసుపత్రి ఏ రోడ్డున ఉన్నదో మాత్రం నాకు చూపించాడు.

తరతరాలుగా పరభాషా రాష్ట్రాలలో కాపురం ఉంటున్న మనకు పట్టీలో పేరుండటం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. అట్లాంటాలో బిడ్డలున్నవారు వెళ్ళినప్పుడు ఒక రోజు సెల్మాకు కేటాయించండి. అక్కడి నుండి కారులో నాలుగు గంటల లోపు ప్రయాణం. మనుమలను తప్పక వెంట తీసుకొని పోవలె. కారు నదికి ఇవతలనే ఆపి, వంతెనను నడిచి దాటండి.