ముక్క పడింది, లెక్క తప్పింది

రాత్రి పదకొండు దాటింది. పుదుచ్చేరి ఒర్లియంపేటలో ఓ అద్దె గది. యానాం నుంచి ఉద్యోగానికి వచ్చిన ఆ యువకుడి ఫోను తెర మీద మూడు బటన్లు వెలుగుతున్నాయి. ఫోల్డ్, కాల్, రైజ్. ఏదో ఒకటి నొక్కడానికి ఉన్నవి కొద్ది సెకన్లే. 2025 జూలై నాటి మాట ఇది.

అతని చేతిలో ఆటీను జాకీ, తొమ్మిది. బల్ల మీద పరిచిన నాలుగు ముక్కల్లో రెండు ఆటీన్లు. చివరి ముక్కా ఆటీనే అయితే పందెం దాదాపు అతనిదే. మరేం పడినా పోయినట్టే. మధ్యలో ఉన్న 4,000 రూపాయల్లో సగం అతనివి. ఎదుటివాడు మరో 4,000 కాశాడు.

లెక్క కష్టమేమీ కాదు. కనిపించని ముక్కలు 46, వాటిలో ఆటీన్లు 9. ఇలా 46 సార్లు కాల్ చేస్తే సగటున 9 సార్లు ఎనిమిదేసి వేల చొప్పున 72,000 వస్తాయి. మిగిలిన 37 సార్లు నాలుగేసి వేల చొప్పున 1,48,000 పోతాయి. రైజ్ చేసి బెదిరించవచ్చు కానీ, అంత కాసినవాడు బెదురుతాడన్న నమ్మకం లేదు. ఫోల్డ్ చేయడమే సబబు.

కానీ అప్పటికే పెట్టిన 2,000 అతన్ని లేవనివ్వలేదు. మధ్యలో పడ్డాక ఆ డబ్బు తనది కాదని తెలిసినా మనసు ఒప్పుకోలేదు. ఊళ్లో తాకట్టులో ఉన్న అమ్మ గొలుసు విడిపించడానికి దాచిన సొమ్ము అది. కాల్ నొక్కాడు. ఆటీను పడింది.

అతన్ని ముంచింది ఆ గెలుపే. ఓడితే లెక్కను నమ్మేవాడేమో. గెలిచాడు కాబట్టి తెగింపునే నైపుణ్యం అనుకున్నాడు. ఆ తర్వాత ప్రతి రాత్రీ చివరి ముక్క కోసం ఎదురుచూశాడు. ఎవరు గెలిచినా కంపెనీ కమీషను కంపెనీకి వెళ్లింది.

పేకాటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్నది పాత వాదమే. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. అప్పటికే అతని ఖాతా ఖాళీ.

చిన్నప్పుడు సంక్రాంతికి మేనమామ పక్కన కూర్చుని రమ్మీ చూసేవాడు. మొదటే డ్రాప్ చేస్తే 20, మధ్యలో అయితే 40, మొండికేసి కూర్చుంటే 80. ముక్కలు బాగా లేనప్పుడు మామ నవ్వుతూ 20 రాయించుకునేవాడు. విషయం చెప్పుకోవడానికి అతను ముందుగా ఫోన్ చేసింది ఆ మామకే. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"మిడిల్ డ్రాపా, ఫుల్ కౌంటా అల్లుడూ?"

"ఫుల్ కౌంటే మావయ్యా."